మూడోసారి అడగని మేకపాలు

ఆర్విడ్ బ్రెక్కే తన డెబ్భై ఏళ్ళ జీవితంలో ఏ వస్తువునూ మొదటిసారి ఇవ్వబోయినప్పుడు పుచ్చుకున్న మనిషి కాడు. ఈ సంగతి ఆయన గొప్పగా చెప్పుకోడు. గొప్పలు చెప్పుకోవడం కూడా మా స్కోగ్‌డాల్ కొండమీద మర్యాద కాదు మరి. కాఫీ పొయ్యమంటారా అంటే వద్దులెండి అంటాడు. వేడిగా ఉందండీ అంటే మీకెందుకు శ్రమ అంటాడు. తాగేవాళ్ళు లేక పారబోయాలి అని ఇంటావిడ మూడోసారి బతిమాలితే, అలాగైతే ఓ అరకప్పు పొయ్యండి అని, మూడు కప్పులు తాగి లేస్తాడు. పెళ్ళినాడు పాస్టరుగారు ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని అడిగితే, ఇంకో రెండుసార్లు అడుగుతారు కదా అని ఆర్విడ్ ఊరుకున్నాడనీ, పెళ్ళికూతురు మోచేత్తో డొక్కలో పొడిచాకగాని నోరు విప్పలేదనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మహాతల్లి పోయి ఏడేళ్ళయింది. ఆవిడే ఉంటే ఈ కథ ఉండేది కాదు, మోచెయ్యి చూసుకునేది.

మా తాతముత్తాతలు నార్వే నుంచి ఓడలో విస్కాన్సిన్‌కు తెచ్చుకున్న ఆస్తులు రెండే. ఒకటి ఎండుచేప, రెండోది ఈ మొహమాటం. చేప కంపు కొడుతోందని కొంతమంది మానేశారు. మొహమాటం మాత్రం ఎవరూ మానలేదు. దాని నియమాలు పసిపిల్లలకు కూడా తెలుసు. మొదటిసారి అడగడం ఊరికే మాటవరసకి. రెండోసారి అడగడం, ఎదుటివాడు వద్దన్నది మాటవరసకా నిజంగానా అని తడిమి చూడటానికి. మూడోసారి అడిగిందే అసలు అడగడం. మొదటిసారే సరేనన్నవాడు తిండికి ముఖం వాచినవాడు. మూడోసారి అడగనివాడు చెయ్యి రానివాడు. ఈ రెండు బిరుదుల్లో ఏదొచ్చినా చర్చి మెట్లమీద తలెత్తుకు నిలబడటం కష్టమే.

ఇక ఆర్విడ్‌కు దేవుడి తర్వాత ఆవు. దేవుడి దగ్గరికి ఆదివారం ఒక్కపూటే వెళతాడు, ఆవుల దగ్గరికి రోజూ రెండుపూటలా వెళతాడు కాబట్టి వరస తిరగేసి చెప్పాలేమో కూడా. నలుపూ తెలుపూ మచ్చల హోల్‌స్టీన్ ఆవులు, ఎర్రరంగు వేసిన పెద్ద కొట్టం, దానిమీద బ్రెక్కే అనే పేరు. తాత కట్టాడు, తండ్రి టోర్గెర్ రంగు వేశాడు, ఆర్విడ్ ఆ రంగు పోకుండా మళ్ళీ మళ్ళీ వేస్తున్నాడు. పాల సంఘానికి చాలాకాలంగా ఆయనే అధ్యక్షుడు. ప్రతి జూన్‌లో ఏదో ఒక పాడిరైతు పెరట్లో ఊరందరికీ అట్లూ వెన్నా పాలూ పెట్టే ఫలహారాల పండగ ఉంటుంది కదా, అందులో లేచి రెండు ముక్కలు మాట్లాడేదీ ఆయనే. అవి ఏటా అవే రెండు ముక్కలు: ఆవుపాలు పడని మనిషిని నేనింతవరకు చూడలేదు, చూడాలని కూడా లేదు. జనం చప్పట్లు కొడతారు. కొట్టాల్సిన చోటు అందరికీ కంఠస్థమే.

మేక అనే మాట మాత్రం ఆయన నోట ఎవరూ వినలేదు. అవసరం పడితే 'అవి' అంటాడు. 'సోల్వే దగ్గరున్నవి' అంటాడు. ఆయన వంటింటి కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అవతల రాళ్ళగుట్ట, గుట్టమీద తెల్లగా అవి. వాటిని చూడకుండా ఉండాలంటే కిటికీ మూసుకోవాలి, మూసుకుంటే ఆవులు కనబడవు. కాబట్టి ఆయన ముప్పై ఏళ్ళుగా కిటికీ ముందు కూర్చుని వాటిని చూడకుండా కాఫీ తాగుతున్నాడు.

సోల్వే ఆయన సొంత చెల్లెలు. ఆ రాళ్ళగుట్ట తల్లి తరఫున ఆమెకు వచ్చింది, ఎందుకంటే ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. తండ్రి టోర్గెర్ మందను ఎవరికి ఇచ్చేదీ చెప్పకుండానే పోయాడు. అలాంటివి నోటితో చెప్పడం ఆయన దృష్టిలో ఆత్రం. ఆ మందను పెంచింది ఇద్దరూ కలిసి. తెల్లవారుజామున పాలు పితికింది ఇద్దరూ. అసలు ఆవు ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సరిచేసింది సోల్వేనే, ఆర్విడ్ చేతులు మరీ లావు. సమాధి చేసి వచ్చాక చర్చి కింది హాల్లో బన్నూ పందిమాంసమూ తింటూ, భార్య అవతల వంటగదిలో కాఫీ కాస్తుండగా, నలుగురి ఎదుట ఆర్విడ్ చెల్లెల్ని పిలిచి, సగం మంద నీది, తీసుకో అన్నాడు. సోల్వే పద్ధతి తెలిసిన పిల్ల. నాకెందుకులే అన్నయ్యా అంది. ఆర్విడ్, అలా అనకు, నీ కష్టం ఉంది అందులో, అన్నాడు. సోల్వే, ఫరవాలేదులే, నేనెక్కడ పెట్టుకుంటాను అంది. అని, కాఫీ కప్పు కింద పెట్టి, మూడో మాట కోసం అన్నయ్య ముఖం వైపు చూసింది.

ఆర్విడ్ కేకు ముక్క అందుకున్నాడు.

అంతవరకు మూడోసారి బతిమాలితేగాని కేకు ముట్టని మనిషి, ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం మనుషులు వద్దంటే వద్దనే అర్థం అని గట్టిగా నమ్మాడు. తర్వాత ఎవరు కదిపినా అదే చెప్పాడు. నేను అడిగాను, అది వద్దంది, నలుగురూ విన్నారు అన్నాడు. నిజమే, నలుగురూ విన్నారు. నలుగురికీ లెక్కపెట్టడం కూడా వచ్చు. కానీ ఇంకోసారి అడుగవయ్యా అని మూడోవాడు చెప్పడం మా దగ్గర మర్యాద కాదు కాబట్టి, అందరూ తలలు వంచుకుని బన్నులు తిన్నారు.

సోల్వే పోట్లాడలేదు. పోట్లాడితే పీడా పోయేది. బడి బస్సు నడపడానికి కుదిరింది. ఆ వసంతంలోనే రెండు మేకల్ని తెచ్చి సరిగ్గా అన్నయ్య కిటికీకి ఎదురుగా కట్టింది. రెండు నాలుగయ్యాయి, నాలుగు మందయింది. పాలు జున్ను చేసేవాళ్ళు పట్టుకుపోతారు. అన్నాచెల్లెళ్ళు ఎక్కడ ఎదురుపడినా బాగున్నావా అంటే బాగున్నావా అనుకుంటారు. రోడ్డుమీద బండ్లు ఎదురైతే స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తుతారు. క్రిస్మస్‌కు బిస్కట్ల డబ్బా ఇచ్చి పుచ్చుకుంటారు. ఇంత మర్యాదగా సాగిన పగ మా చుట్టుపక్కల ఇంకోటి లేదు.

ఇలా ఉండగా ఆర్విడ్ ఇంట్లో టిల్డా పుట్టింది. కొడుకు కర్ట్ కూతురు. కర్ట్ మంచివాడు, పాలు పితుకుతాడు, ఊఁ అంటాడు. రెండుసార్లు ఊఁ ఊఁ అన్నాడంటే అది వాదన కింద లెక్క. అతని భార్య డెలియాది షికాగో. వాళ్ళవైపు భోజనానికి ఉంటారా అని అడగరు, కూర్చునేలోపే ఒళ్ళో పళ్ళెం ఉంటుంది. కొత్తలో ఆవిడ మా ఇళ్ళకొచ్చి కేకు తింటారా అంటే తింటానండి అనేసేది. ఇంటావిడ చేతిలో కేకు కోసే కత్తి గాల్లో ఆగిపోయేది.

టిల్డాకు తల్లిపాలు మాన్పించి ఆవుపాలు పట్టగానే గొడవ మొదలైంది. పొట్ట ఉబ్బేది, మోచేతుల మడతల్లో ఎర్రగా దద్దుర్లు లేచేవి, తాగినవి సగం కక్కేది. బ్రెక్కేల ఇంట్లో, ఆ పేరు రాసిన కొట్టం నీడలో, ఆవుపాలు పడని పిల్ల. ఆర్విడ్ ముందు అది షికాగో రక్తం అన్నాడు. తర్వాత గిన్నె సరిగ్గా కడగలేదన్నాడు. తర్వాత పళ్ళొస్తున్నాయన్నాడు. పళ్ళన్నీ వచ్చేశాయి, దద్దుర్లు పోలేదు.

డెలియా పిల్లను చంకనేసుకుని పట్నంలో పిల్లల డాక్టరమ్మకు చూపించింది. ఆవిడ పరీక్షలన్నీ చేయించి తీరిగ్గా చెప్పింది. ఆవుపాల చుక్క తగిలితే ఊపిరాడని పిల్లలు ఉంటారు, వాళ్ళకు మేకపాలూ అంతే ప్రమాదం, ఆ రెండు పాలూ దగ్గర చుట్టాలే. మీ పాపది ఆ రకం కాదు, ఒళ్ళు సహించడం లేదంతే. ఇలాంటివాళ్ళలో కొందరికి మేకపాలు పడతాయి, కొందరికి అవీ పడవు. అది ఇంట్లో చేసే ప్రయోగం కాదు, నా ముందు కొంచెం కొంచెంగా పట్టి చూద్దాం అంది. పచ్చిపాలు మాత్రం వద్దు, కాచినవే అని, అవొక్కటే పెట్టి ఊరుకోవద్దు, మిగతా తిండి కూడా చూసుకోవాలని మరీ మరీ చెప్పింది. పట్టి చూశారు. పడ్డాయి. దద్దుర్లు తగ్గాయి, పిల్ల బుగ్గలు నిండాయి, పాలతో కాచిన జావ గిన్నె నాకి చూపించేది. డెలియా పక్క ఊరి కొట్టునుంచి మేకపాల డబ్బాలు తెచ్చి ఫ్రిజ్‌లో వెనక వరసలో పెట్టేది. ఆర్విడ్ ఆ ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా వెనక వరస లేనట్టే చూసేవాడు. ఆ విద్యలో ఆయనకు ముప్పై ఏళ్ళ అభ్యాసం ఉంది.

చలికాలం ముదిరింది. ఆ కాలంలో మేకలు ఒట్టిపోతాయి, కొట్లో డబ్బాలు రావడం తగ్గి, తగ్గి, ఆగిపోయాయి. డెలియా ఓట్స్‌పాలు తెచ్చింది, బాదంపాలు తెచ్చింది, సోయాపాలు తెచ్చింది. గింజలు నానేసిన నీళ్ళకు పాలని పేరు పెట్టినవాణ్ణి ఆర్విడ్ సంఘంలో తీర్మానం పెట్టి మరీ తిట్టాడు. టిల్డా తీర్మానం దాకా పోలేదు, తూ అని ఉమ్మేసింది. జావ మానేసింది. మూడేళ్ళ పిల్ల, మొండిపట్టు పూర్తిగా బ్రెక్కేలదే. ఒక ముద్ద రొట్టె తిని మూతి బిగించేది. బుగ్గలు మళ్ళీ లోపలికి పోయాయి. డాక్టరమ్మ తూకం చూసి పెదవి విరిచింది.

ఆ రోజుల్లోనే ఆర్విడ్ ఒక ఘనకార్యం చేశాడు. డెలియా ఊళ్ళోకి వెళ్ళిన సమయం చూసి, తన మందలోకెల్లా సాధువైన ఆవు పాలు గోరువెచ్చగా కప్పులో పోసి, దీనికి పడకపోవడమేంటి, అంతా వీళ్ళ భ్రమ, అనుకుని మనవరాలి నోటికి అందించాడు. పిల్ల తాత మీది నమ్మకంతో గటగటా తాగేసింది. సాయంత్రానికి పొట్ట డోలులా బిగిసింది, ఒళ్ళంతా దద్దుర్లు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆర్విడ్ తాను చేసింది దాచలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. డెలియా పిల్లను భుజాన వేసుకుని నడుస్తూనే ఉంది. తిట్టి ఉంటే ఆర్విడ్‌కు సుఖంగా ఉండేది. ఆ ఏడుపు వింటూ మెట్లమీద కూర్చున్న ముసలాయనకు జీవితంలో మొదటిసారి తన ఆవుల మీద కోపం వచ్చింది. తన మీద రావాల్సింది ముందుగా వాటి మీద వచ్చింది.

మార్చి వచ్చేసరికి ఎదురుగుట్టమీద మేకలు ఈనాయి. తెల్లటి పిల్లలు సోల్వే కట్టెల మోపులెక్కి దూకుతుంటే కిటికీలోంచి కనబడుతున్నాయి. డెలియా అప్పుడే బూట్లు తొడిగింది. నేను వెళ్ళి ఒక్క ముక్క అడిగొస్తాను మామయ్యా అంది. ఆర్విడ్‌కు తలకొట్టేసినట్లయింది. అడగడమా? మా కొండమీద ఎవరైనా ఎవరినైనా ఏదైనా అడిగారా? వెళతారు, కూర్చుంటారు, వాతావరణం మాట్లాడతారు, ఎదుటివాళ్ళు తెలుసుకుని ఇస్తామంటారు, రెండుసార్లు వద్దని మూడోసారి తెచ్చుకుంటారు. ఎంత అవసరమైనా పద్ధతి అదే. నువ్వుండు, నేనే వెళ్ళొస్తానని టోపీ పెట్టుకున్నాడు. కడిగిన ఖాళీ పాలక్యాను పికప్ బండి సీటు కింద, బయటికి కనబడకుండా, తోసి మరీ పెట్టుకున్నాడు.

సోల్వే వంటింట్లో ఆయన కూర్చోవడం ముప్పై ఏళ్ళలో అదే మొదలు. ఆమె ఆశ్చర్యపడలేదు, పడినా కనబడనివ్వలేదు. మంచు ఎప్పుడు కరుగుతుందో మాట్లాడుకున్నారు. రోడ్డు మంచు తోసే బండివాడు ఎవరెవరి ఉత్తరాల డబ్బాలు పడగొట్టాడో మాట్లాడుకున్నారు. కాఫీ అడిగితే వద్దన్నాడు, మళ్ళీ అడిగితే వద్దన్నాడు, మూడోసారి అడిగితే తాగాడు. అంతా సవ్యంగా సాగుతోందని ఆర్విడ్ ప్రాణం కుదుటపడింది. పొయ్యిమీద పెద్ద గిన్నెలో పాలు కాగి మీగడ కడుతున్నాయి. ఆయన గిన్నె వైపు తప్ప అన్ని వైపులా చూశాడు. చివరికి సోల్వేనే ఆ మాట ఎత్తింది.

"పాపకి పాలు దొరకట్లేదటగా. నా దగ్గరున్నాయి, పట్టుకెళ్ళు అన్నయ్యా."

"అబ్బే, వద్దులే. నీ దగ్గరున్న వాటికి పిల్లలున్నాయిగా, వాటికి కావద్దూ."

"వాటికి పోనూ మిగులుతున్నాయి. ఇవిగో, కాచి కూడా ఉంచాను."

"ఎందుకు నీకు శ్రమ. ఏదో సర్దుకుంటున్నాంలే," అన్నాడు ఆర్విడ్. అని, బండి సీటు కింది క్యాను తలుచుకుంటూ, ఎదురుచూపు ముఖాన కనబడకుండా కిటికీ వైపు తిరిగాడు.

"సరే అయితే," అంది సోల్వే.

అని లేచి పాలగిన్నెమీద మూత పెట్టింది. మూత పెట్టి, ఈసారి చర్చి పైకప్పు బాగుచేయడానికి ఎవరిని పిలుస్తున్నారో అడిగింది. ఆర్విడ్ చర్చి పైకప్పు గురించి తనకు తెలిసిందంతా చెప్పాడు. తెలియనిది కూడా కొంత చెప్పాడు. ఇంకో కప్పు కాఫీ తాగాడు, బిస్కట్లు తిన్నాడు, లేచి టోపీ పెట్టుకుని, తలుపు దగ్గర ఆగి మళ్ళీ వాతావరణం గురించి చెప్పాడు. ఆమె కూడా వాతావరణం గురించే చెప్పింది. వద్దంటే వద్దని నమ్మే విద్య ఆ ఇంట్లో ఇంకొకరికి కూడా వచ్చేసిందని ఆయనకు బండి తిప్పుకుని రోడ్డెక్కాక తెలిసింది. ముందు కోపం వచ్చింది. సగం దారిలో చర్చి కింది హాలు, కేకు ముక్క గుర్తొచ్చాయి. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఏ ఆలోచనా సుఖంగా లేదు.

డెలియా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"తెచ్చారా మామయ్యా?"

"లేదు."

"ఇవ్వనందా?"

"ఇస్తానంది."

"మరి?"

"రెండుసార్లే అంది."

డెలియా పక్కనున్న కుర్చీలో కూలబడింది. భోజనం చేస్తున్న కర్ట్ ఊఁ అన్నాడు. ఆ ఊఁకు అర్థం ఏమిటో భార్య కళ్ళెత్తి చూసేసరికి, వెంటనే పళ్ళెంలోకి తల దూర్చేశాడు. ఆర్విడ్ నియమం వివరించబోయాడు. మూడోసారి అననిదే పుచ్చుకుంటే ఏమనుకుంటారు, రేపు నలుగురిలో ఎలా తిరుగుతాం అని ఏదో అన్నాడు. లోపలి గదిలో టిల్డా జావ వద్దని గిన్నె తోసేసిన చప్పుడైంది.

"పిల్ల కడుపుకి మీ లెక్కలు తెలీవు మామయ్యా," అంది డెలియా. గట్టిగా కూడా అనలేదు.

మర్నాడు పొద్దున ఆయన బండి తీస్తుంటే డెలియా టిల్డాకు కోటు తొడిగి, టోపీ కట్టి, పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించింది. దీన్ని తీసుకెళ్ళండి, మీకు నోరు లేకపోతే దానికుంది, అంది. ఖాళీ క్యాను సీటు కింద పెట్టనివ్వలేదు. పిల్ల ఒళ్ళో పెట్టింది. టిల్డా దారి పొడుగునా దాన్ని డోలులా వాయించింది.

సోల్వే తలుపు తీసి, ఖాళీ క్యాను వాటేసుకుని తాత చంకలో ఉన్న పిల్లను చూసింది. పిల్ల బుగ్గలు చూసింది. మంచు గురించీ రోడ్డు గురించీ ఏమీ మాట్లాడలేదు. ఒక మేకపిల్ల పొయ్యి పక్కన పాత దుప్పటిలో పడుకుని ఉంటే టిల్డా తిన్నగా వెళ్ళి దాని పక్కన చతికిలబడింది. పొయ్యిమీది గిన్నెలో నిన్నటిలాగే పాలు. సోల్వే ఒక చిన్న కప్పు తీసి పట్టుకుని అడిగింది.

"పాలు తాగుతావా తల్లీ?"

ఆర్విడ్ నోరు అలవాటు ప్రకారం ముందు లేచింది. "వద్దులే, ఇప్పుడే ఇంట్లో..."

"కావాలి," అంది టిల్డా.

బ్రెక్కేల వంశంలో మొదటి పిలుపుకే ఆ మాట ఎవరూ అని ఉండరు. పిల్లకు తాను చేసిన ఘోరం తెలియదు. మేకపిల్ల చెవి పట్టుకుని చూస్తోంది. సోల్వే కప్పు నిండా పోసి, వేలితో వేడి చూసి అందించింది. టిల్డా రెండు చేతులతో పట్టుకుని ఊపిరి తీసుకోకుండా తాగి, పైపెదవి మీద తెల్ల మీసంతో కప్పు పైకెత్తి, "ఇంకా కావాలి," అంది.

సోల్వే రెండో కప్పు పోసింది. పోస్తూ అన్నయ్య వైపు చూడకుండా అంది. "చూశావా, ఇంత సులువు. మనకెవరూ నేర్పలేదు."

ఆర్విడ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. టోపీ అంచు చుట్టూ వేళ్ళు తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు. ఊరందరి ముందు రెండు ముక్కలు మాట్లాడే మనిషికి ఒక్క ముక్క పెగలడానికి ఇంత సేపు పడుతుందని ఎవరూ అనుకోరు.

"నాకు... పాపకి మేకపాలు కావాలి సోల్వే," అన్నాడు. "రోజూ."

మేక అనే మాట ముప్పై ఏళ్ళ తర్వాత ఆ నోట్లోంచి బయటికొచ్చి వంటింట్లో నిలబడింది. దుప్పటిలోని మేకపిల్ల పట్టించుకోలేదు. సోల్వే క్యాను అందుకుని, వేడినీళ్ళతో తొలిచి, అంచుదాకా పాలు నింపి మూత బిగించింది. పొద్దున్నే రా, కాచి ఉంచుతాను, మళ్ళీ ఒట్టిపోయే నెలలకి గడ్డకట్టించి దాస్తాను అంది. అంతా పని మాటల్లాగే చెప్పింది. ఆర్విడ్ క్యాను పుచ్చుకున్నాడు. పుచ్చుకుని లేవకుండా కూర్చున్నాడు.

"ఆ సగం మంద సంగతి," అన్నాడు. "తీసుకో సోల్వే. నీదే అది. నేను అడగాల్సింది."

సోల్వే పొయ్యి వైపు తిరిగి నిలబడింది. ఆమె వీపు మాత్రమే కనబడింది ఆయనకు. అప్పటి ఆవుల్లో ఒక్కటీ ఇప్పుడు బతికి లేదు. ఆమె దూడలకు పెట్టిన పేర్లు కూడా ఆర్విడ్‌కు గుర్తు లేవు, ఆమెకు ఉన్నాయి. చాలాసేపటికి భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది.

"వద్దులే అన్నయ్యా," అంది.

ఆర్విడ్ జీవితంలో మొట్టమొదటిసారి, ఎదుటి మనిషి వద్దంటే దానికి అర్థమేమిటో తెలియక అలాగే ఉండిపోయాడు. నియమం ప్రకారం ఇది మూడోసారి, కాబట్టి ఈ వద్దు నిజమైన వద్దు. కానీ మధ్యలో ముప్పై ఏళ్ళు పోయాయి. అంత ఆలస్యమైతే పాత రెండూ చెల్లుతాయా, లేక లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలా? తాతముత్తాతలు ఈ సందేహం రావచ్చని ఊహించినట్టు లేదు. ఆయన పిల్లను ఒక చేత, పాలను ఒక చేత పట్టుకుని ఇంటికొచ్చాడు. క్యాను తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో ముందు వరసలో పెట్టాడు.

మర్నాడు పాలకు వెళ్ళినప్పుడు మళ్ళీ అడిగాడు. ఆమె వద్దంది. ఆ మర్నాడు అడిగాడు. వద్దంది. టిల్డా బుగ్గలు నిండాయి, డాక్టరమ్మ తూకం చూసి నవ్వింది. జూన్‌లో ఫలహారాల పండగలో ఆర్విడ్ లేచి నిలబడితే, జనం ఎప్పటిలాగే చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నారు. ఆయన అట్లు బాగున్నాయి, తినండి అని కూర్చున్నాడు. కొట్టాలో మానాలో తెలియక కొందరు సగం కొట్టారు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే గుట్టెక్కి, క్యాను నిండాక, తలుపు దగ్గర టోపీ పెట్టుకుంటూ, సగం మంద తీసుకో సోల్వే అంటాడు. ఆమె వద్దులే అంటుంది. ఇది ఎన్నోసారో ఇద్దరూ లెక్క పెట్టడం మానేశారు.

ఒకరోజు ఆయన సోల్వే వంటింట్లో ఉండగానే, కొట్టంలో ఆవు ఈనుతోంది, దూడ అడ్డం తిరిగిందని కర్ట్ ఫోను చేశాడు. ఆర్విడ్ కంగారుగా క్యాను అందుకుని, మాటా పలుకూ లేకుండా మెట్లు దిగి, బండెక్కి ఇంజను వేశాడు. సోల్వే చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. అక్కడే నిలబడింది. బండి కదలబోతుంటే అరుగు చివరిదాకా వచ్చింది.

"ఇవాళ అడగలేదేం?" అంది.

ఆర్విడ్ ఇంజను ఆపాడు. అద్దం దించి, టోపీ తీశాడు.

"సగం మంద తీసుకో సోల్వే."

"వద్దు," అంది ఆమె. అని గుమ్మం వెనక మేకుకు తగిలించిన కోటు తొడుక్కుని, అవతలి తలుపు తీసి బండెక్కి కూర్చుంది. "పద, ఆ లావు చేతులు నువ్వు పెట్టకు."

క్యాను ఆమె ఒళ్ళో పెట్టుకుంది.